గోరింక మోసిన జబ్బులు

అనగనగా ఒక అడవి. ఆ అడవంతటికీ ఒకే ఒక్క వైద్యుడు. ఆయన కొండకొమ్మున ఉండే ముసలి కొండముచ్చు. మోకాళ్లు పట్టేసి కిందికి దిగలేక, ఒక గోరింకను పెట్టుకున్నాడు.

"మీరెవరూ కొండెక్కక్కర్లేదు. బాధ దీనికి చెప్పండి. మందు మీ గుమ్మంలోకే వస్తుంది" అని కబురు చేశాడు.

మొదట కుందేలు తన గజ్జి సంగతి చెప్పుకుంది. మందు వచ్చింది, గజ్జి పోయింది. కానీ గోరింక దారి పొడవునా "కుందేలికి గజ్జి! కుందేలికి గజ్జి!" అని కూస్తూ పోయింది. ఉడతలు ఈనాటికీ కుందేలును "ఏం గజ్జి బావా" అనే పలకరిస్తాయి. తరవాత అడవిపంది మొలల బాధ చెప్పుకుంది. సాయంత్రానికల్లా అడవంతా దాని వెనక చేరి నవ్వింది.

ఇదంతా చుక్కమ్మ అనే దుప్పి చూసింది. అప్పుడే ఈనింది పాపం. మూడోనాటికి పొదుగు వాచి రాయిలా గట్టిపడింది. పిల్ల మూతి పెడితే ప్రాణం పోయినట్టుండేది.

గోరింక వచ్చి వాలింది. "ఏం వదినా, కుంటుతున్నావు? ఎక్కడ నొప్పి? చెప్పు, చెప్పు!"

కొమ్మ మీద ఉడతలు చెవులు రిక్కించాయి.

"నాకేం లేదు, పో" అంది చుక్కమ్మ.

మూడు రోజులు వచ్చింది గోరింక. మూడు రోజులూ అదే జవాబు. నాలుగోనాడు, పాలు లేక, పిల్ల లేవలేదు.

చుక్కమ్మ ఏడుపు విని కొండముచ్చు పడుతూ లేస్తూ దిగివచ్చాడు. "తెలివితక్కువదానా! మందు గుమ్మంలోకి పంపుతానంటే వద్దంటావా?"

చుక్కమ్మ ఏనాడూ గొంతెత్తి ఎరగదు. ఆవేళ ఎత్తింది.

"తెలివి లేక కాదు తాతా! నువ్వు పంపింది మందా, దండోరానా? దేవుడు పాలిచ్చిన చోట నొప్పి అని చెప్పుకుంటే, ఉడతలు పాట కట్టవూ? నోరు మూసుకోవడం నా తప్పే. దానికి నా బిడ్డ పోయింది. నోరు తెరవనివ్వని తప్పు ఎవరిది?"

"నేనెంత వేగంగా ఎగిరానో..." అనబోయింది గోరింక.

"నోర్ముయ్!" అని కొండముచ్చు తల దించుకున్నాడు. "రెక్కలు చూసి పెట్టుకున్నానమ్మా. నోరు చూసుకోలేదు."

మర్నాడు గోరింకకు బదులు ఒక గువ్వ వచ్చింది. చుక్కమ్మ దాన్ని పొద చాటుకు తీసుకెళ్లి, పొదుగు బాధ చెవిలో చెప్పింది.

"ఏమిటే, దుప్పి వదినకి ఏమైందట?" అని అడ్డుకున్నాయి ఉడతలు.

"వాన వచ్చేట్టుంది. గింజలు లోపల పెట్టుకోండి" అని గువ్వ ఎగిరిపోయింది.

ఆ మాట ముళ్లపంది వింది. ఏడాదిగా దాచుకున్న పుండు చూపించడానికి, గువ్వ తిరిగొచ్చేదాకా అక్కడే కూర్చుంది.

నీతి: జబ్బు చెప్పుకోమని అడిగేవారు ముందు గుట్టు దాచడం నేర్చుకోవాలి. నమ్మకం లేని ఇంట్లోకి మందు గుమ్మం దాకా వచ్చినా లోపలికి పోదు.