బొచ్చయ్య గుమ్మంలో చిలక

అనగనగా ఒక అడవిలో, మరీ వెనకటి మాటేం కాదులెండి, తొర్రలున్న పెద్ద మద్దిచెట్టు ఉండేది. దాని యజమాని బొచ్చయ్య అనే ఎలుగుబంటి. కింద తొర్రలో తానుండి, పై తొర్రలు అద్దెకిచ్చేవాడు. అద్దె ఏమిటంటారా? ఇప్పపూలు. అవి అందుకునేటప్పుడు మాత్రం మహా మెలకువగా ఉండేవాడు.

ఎవరైనా ఇంటి గోడు చెప్పుకోవడానికొస్తే బొచ్చయ్యకి ఎక్కడలేని నిద్రా ముంచుకొచ్చేది. అందుకని గుమ్మంలో ఒక చిలకని పెట్టాడు. ఎవరేమన్నా "అలాగేనండీ, చూద్దాం" అనమని నేర్పాడు. విన్నది లోపలికొచ్చి చెప్పమని మాత్రం నేర్పలేదు. చూశారా తెలివి!

పై తొర్రలో చారలమ్మ అనే ఉడుత ఉండేది. దాని పిల్లలు ఇంకా కళ్లు కూడా తెరవలేదు. తొలకరికే తొర్ర కారింది. పిల్లలు తడిసిపోతున్నారని చారలమ్మ వచ్చి చెప్పింది.

"అలాగేనండీ, చూద్దాం" అంది చిలక.

అబ్బ, ఎంత మర్యాదో అనుకుని చారలమ్మ సంతోషంగా వెళ్లిపోయింది.

మళ్లీ వాన కురిసి తొర్ర పైన కొమ్మ బీటవేసింది. చారలమ్మ పరుగెత్తుకొచ్చింది. చిలక అదే మాట అంది.

మూడోసారికి కొమ్మ ఊగడం మొదలెట్టింది. "మా సంగతి సరే, ఇది పడేది మీ అయ్యగారి గుమ్మం మీదే. ఆయనకి చెప్పావా?" అని అడిగింది చారలమ్మ. చిలక మళ్లీ చూద్దాం అంది. చారలమ్మకి ఒళ్లు మండిపోయింది. పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని పక్క చెట్టుకి చేర్చింది.

ఆఖరి పిల్లని దించిందో లేదో, కొమ్మ ఫెళ్లున విరిగి బొచ్చయ్య గుమ్మానికి అడ్డంగా పడింది. లోపలికి వాననీళ్లు చేరాయి. ఇప్పపూలన్నీ తేలుతున్నాయి. బొచ్చయ్య బయటికి రాబోతే తల వచ్చింది గానీ పొట్ట రాలేదు.

"ఒసే చిలకా, ఎవరినైనా పిలవవే, నా ప్రాణం పోయేలా ఉంది" అని ఏడ్చాడు.

చిలక ఎంతో వినయంగా తల వంచి, "అలాగేనండీ, చూద్దాం" అంది.

పాపం, దాని తప్పేముంది? నేర్పిందే పలికింది.

చారలమ్మకి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఉడుతలన్నిటినీ పిలుచుకొచ్చింది. అవి సాయంత్రం దాకా కొమ్మ కొరికి దారి చేశాయి. బొచ్చయ్య బయటపడి, ముందే నాకెందుకు చెప్పలేదని అడగబోయాడు. చిలక మొహం చూసి నోరు మూసుకున్నాడు.

ఆ తరవాత బొచ్చయ్య గుమ్మంలో తనే కూర్చున్నాడు. ఒకరోజు చారలమ్మ వచ్చి, పైన మళ్లీ కొంచెం కారుతోందండీ అంది. బొచ్చయ్య చూద్దాం అనలేదు. ఆయాసపడుతూ చెట్టెక్కి చూశాడు.

నీతి: తియ్యగా బదులిస్తే విన్నట్టు కాదు. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు అందులో ఉండేవాళ్ల మాట తామే వినాలి.