గంటం చప్పుడు

"కోనప్పా! ఒరే కోనప్పా! ఎక్కడ చచ్చాడీ మనిషి!"

రణధీర భూపతి అరుపుకి పూలమంటపం మీద వాలిన పావురాలన్నీ లేచిపోయాయి. పిలుపు అందుకున్న ఆస్థాన విదూషకుడు కోనప్ప తలపాగా సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"చిత్తం ప్రభూ."

"విను. ఆ గోడ వెనక ఏమిటా గోల?"

"వీరేశ పంతులుగారి బడి ప్రభూ. పిల్లలు ఎక్కాలు చెబుతున్నారు."

"మేం కావ్యం రాయాలా, ఎక్కాలు వినాలా?"

పాలవంక అని ఒక చిన్న రాజ్యం ఉండేదిలెండి, ఇదంతా అక్కడి సంగతి. ఆ రాజుగారు మూడేళ్ళ కిందట 'చంద్రికా విలాపం' అనే కావ్యం రాస్తున్నానని దండోరా వేయించారు. వెన్నెల ఒక రాకుమారుణ్ణి ప్రేమించి, తెల్లవారగానే కరిగిపోతుందట. తలుచుకుంటేనే గుండె నీరైపోయే కథ. ఆస్థాన కవులైతే వినకుండానే రెండుసార్లు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

కానీ కావ్యం ముందుకు సాగాలంటే నిశ్శబ్దం కావాలి. మొదటి ఏడు కాకులు అడ్డమన్నారు. వడిసెల పట్టుకుని ఒక భటుడు కాపలా కూర్చున్నాడు. రెండో ఏడు రోకళ్ళు అడ్డమన్నారు. కోట చుట్టుపక్కల దంపుళ్ళు ఆగిపోయి, జనం పొరుగూరి నుంచి బియ్యం తెచ్చుకుంటున్నారు. ఇప్పుడు మూడో ఏడు. మిగిలింది బడి.

"రేపే ఆ బడిని పెద్దవాగు అవతలికి పంపించెయ్యి," అన్నారు రాజుగారు.

కోనప్ప మనసులో లెక్క వేసుకున్నాడు. వాగు అవతలంటే రెండు కోసుల దూరం. అయిదేళ్ళ పిల్లలు అంత దూరం నడవలేరు. బడి పంపించడమంటే బడి మూసెయ్యడమే.

"ప్రభూ, నాలుగు రోజులు గడువివ్వండి. బడిలోంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా రాకుండా చేస్తాను. చెయ్యలేకపోతే బడితోపాటు నన్నూ వాగు దాటించండి."

"నిన్ను దాటించాలని మాకు ఎప్పట్నించో ఉంది," అని రాజుగారు వెంటనే ఒప్పుకున్నారు.

కోనప్ప వెళ్ళేసరికి వీరేశ పంతులు చూరు కింద కూలబడి ఉన్నాడు. లోపల ముప్ఫై రెండు మంది పిల్లలు. తేనెతుట్టె మీద రాయి పడ్డట్టుంది.

"ఏం చెయ్యమంటావయ్యా," అన్నాడు పంతులు. "నోటిమీద వేలు వేయించాను, ముక్కుతో పాడుతున్నారు. గుంజీలు తీయించాను, ముప్ఫై రెండు మందీ గొంతెత్తి లెక్కపెడుతున్నారు. బెత్తం ఝళిపిస్తే ఒకడు ఏడుస్తాడు, వాణ్ణి చూసి తక్కినవాళ్ళు నవ్వుతారు. ఇరవై ఏళ్ళుగా ఇదే బతుకు నాది. బడి పోతే ఏం చెయ్యాలో కూడా నాకు తెలీదు."

"బెత్తం ఇటివ్వండి పంతులుగారూ," అని కోనప్ప దాన్ని తీసుకుని చూరులో దోపేశాడు. తర్వాత పిల్లల మధ్యకి వెళ్ళి కూర్చుని, బొడ్డులోంచి ఒక గంటం, ఒక తాటాకు తీశాడు. ఏమీ మాట్లాడకుండా ఆకు మీద రాయడం మొదలుపెట్టాడు.

ముందున్నవాళ్ళు మెడలు చాచారు. వెనకున్నవాళ్ళు "ఏంట్రా, ఏంట్రా" అంటూ ముందుకొచ్చారు. కాసేపటికి గోల దానంతటదే తగ్గింది. అప్పుడు వినబడింది. గర్ర్... గర్ర్... ఎండుటాకు మీద ఇనుప మొన గీసుకునే చప్పుడు.

"విన్నారా? ఈ గోడ అవతల రాజుగారు కూర్చుని కావ్యం రాస్తున్నారు. అక్కడా ఇదే చప్పుడు. మీరు ఊపిరి కూడా మెల్లగా పీలిస్తే వినబడుతుంది. ముందుగా విన్నవాళ్ళు ఆ పూటంతా పంతులుగారి పీట మీద కూర్చోవచ్చు."

ముప్ఫై రెండు మంది పీట వైపు చూశారు. పంతులు కూడా చూశాడు, దిగులుగా.

అంతే. పిల్లలు గోడ వారగా చేరారు. కొందరు చెవులు ఆనించారు, కొందరు కళ్ళు మూసుకున్నారు. ఆ పూట బడిలో ఎంత నిశ్శబ్దమంటే, పెరట్లో పొగడపూలు ఒక్కొక్కటే రాలడం తెలుస్తోంది. అలాంటి మధ్యాహ్నం చూస్తే ఎవరికైనా ఎవరో ఒకరు గుర్తుకొస్తారు. పంతులుకి మాత్రం పాఠం గుర్తుకొచ్చింది.

"కోనప్పా, సద్దు పోయింది సరే, చదువూ పోయిందిగా," అన్నాడు గుసగుసగా. "పదకొండో ఎక్కం చెప్పండర్రా అంటే నన్నే నోరు మూసుకోమంటున్నారు."

"కాస్త ఓపిక పట్టండి."

గోడ అవతల రాజుగారు మొదటి రోజు పానకం తెప్పించుకున్నారు. రెండో రోజు బల్లి పలుకుతోందని దాన్ని వెళ్ళగొట్టించారు. మూడో రోజు బల్లి కూడా లేదు. ఆకు ముందుంది, గంటం చేతిలో ఉంది, లోకమంతా మౌనంగా ఎదురు చూస్తోంది. అలా ఎవరైనా ఎదురు చూస్తుంటే చాలా కష్టం. నాలుగో రోజు పొద్దెక్కేసరికి రాజుగారు లేచి, బడిలో ఏదో తప్పు దొరక్కపోతుందా అని బయలుదేరారు.

గడప దగ్గర, బిరుదులు చదివే వంది ఛాతీ విరిచి, "రాజాధిరాజ, రాజమార్తాండ..." అని ఎత్తుకున్నాడు.

"ష్‌ష్‌!" ముప్ఫై రెండు వేళ్ళు ముప్ఫై రెండు పెదాల మీదకి వెళ్ళాయి.

వంది కొలువులో చేరిన తర్వాత అతణ్ణి ఆపినవాళ్ళు లేరు. మిగతా బిరుదులు ఏం చెయ్యాలో తెలియక మింగేశాడు.

రాజుగారు తనకి తెలియకుండానే గొంతు తగ్గించి, "ఏం చేస్తున్నారు వీళ్ళు?" అన్నారు.

గోడ పక్కనున్న గవరి అనే ఆరేళ్ళ పిల్ల తల తిప్పకుండానే, "మెల్లగా తాతా," అంది. "రాజుగారి గంటం చప్పుడు వింటన్నాం."

పంతులు కళ్ళు మూసుకున్నాడు.

"వినబడిందా?"

"ఊఁహూఁ. మొన్నా లేదు, నిన్నా లేదు. గురక వినబడింది. అది లెక్కలోకి రాదని కోనప్ప మావ చెప్పాడు."

రాజుగారు కోనప్ప వైపు చూశారు. కోనప్ప వాసాలు లెక్కపెడుతున్నాడు.

"మాది బంగారు గంటం," అన్నారు రాజుగారు. "బంగారం చప్పుడు చెయ్యదు."

"చిత్తం," అన్నాడు కోనప్ప. "ఆ సంగతి నాకు తట్టలేదు. ఒక్క పద్యం ఇక్కడే రాసి చూపించండి ప్రభూ. పిల్లలు చూసి నమ్ముతారు."

గవరి అప్పటికే ఒక తాటాకు తెచ్చి చేతిలో పెట్టింది. ఇంకొకడు పంతులుగారి పీట జరిపాడు. రాజుగారు కూర్చోక తప్పలేదు. మొలలోంచి బంగారు గంటం తీశారు. ముప్ఫై రెండు తలలు ఆకు మీదకి వంగాయి. కాకి లేదు, రోకలి లేదు, ఎక్కం లేదు. రాజుగారు పైకి చూశారు, కిందికి చూశారు. వెన్నెల గురించి మూడేళ్ళుగా అనుకుంటున్నవన్నీ ఎటుపోయాయో తెలియలేదు. నుదుటి మీంచి చెమట చుక్క ఒకటి ఆకు మీద పడింది. ఆ చప్పుడు మాత్రం అందరికీ వినబడింది.

"గర్రుమనలేదు," అన్నాడు ఒక కుర్రాడు, న్యాయంగా.

రాజుగారికి ముందు కోపం వచ్చింది. మొహం ఎర్రబడింది, మీసం అదిరింది. ఆ తర్వాత ఏమైందో ఏమో, పొట్ట కదిలింది. పకపకా నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. పిల్లలు మాత్రం విసుక్కున్నారు, వినడానికి అడ్డమని.

"పంతులూ, బడి ఎక్కడికీ పోదు," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "కాకుల మీది భటుణ్ణి రేపే తీసేస్తాం. రోకళ్ళూ దంచుకోనివ్వండి. కోనప్పా, ఇదుగో!" అని మెళ్ళోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశారు.

కోనప్ప వద్దనలేదు. హారం సర్దుకుని చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఒక్క చిక్కు మిగిలింది. ఈ పిల్లలు ఇంకా వింటూనే ఉన్నారు. నేను చెప్పి చూశాను, పంతులుగారు చెప్పి చూశారు, కదలరు. రాజుగారు రాస్తారని గట్టి నమ్మకం వీళ్ళకి. అది పోతే గాని ఎక్కాల మొహం చూడరు. తమరు చెబితేనే వింటారు."

"మెల్లగా చెబుతాలే."

"వెనక వరసలో వాళ్ళకి వినబడదు ప్రభూ."

రాజుగారు గడప వైపు చూశారు. అక్కడ వంది ఉన్నాడు, భటులున్నారు, తొంగిచూస్తున్న వీధి జనం ఉన్నారు. మళ్ళీ గోడ వైపు చూశారు. గవరి రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, రాతికి చెవి ఆనించి, ఇప్పుడో ఇంకాసేపటికో వినబడుతుందన్నట్టు నవ్వుతోంది.

రాజుగారు పీట మీంచి లేచారు. గొంతు సవరించుకున్నారు.

"పిల్లలూ! ఇంక వినకండి. మూడేళ్ళలో నేను ఒక్క పద్యం కూడా రాయలేదు. నాకు రాయడం రాదు."