చిక్కం కట్టిన గాలి

ఒకప్పుడు గాలికి గుండ్రంగా తిరగడం తెలియదు. వచ్చిందంటే తిన్నగా వచ్చేది, పోయిందంటే తిన్నగా పోయేది. మనలాగే ఒళ్ళూ కాళ్ళూ ఉండేవి. అంబలి పోస్తే తాగేది, చాప వేస్తే పడుకునేది. నవ్వకండి, చెప్పేది వినండి.

ఆ గాలుల్లో కుర్రవాడు తెమ్మెరయ్య. వెన్న లాంటి మనసు. నెత్తిమీంచి మోకాళ్ళ దాకా వేలాడే పిలక. వాడికి ఒక్కతే చెల్లి, పేరు చినుకు. చినుకు ఒక పిల్ల మబ్బు.

మబ్బులకు కాళ్ళుండవు కదా. అందుకని తెమ్మెరయ్య ముందు నడుస్తూ 'ఓ...' అని పిలిచేవాడు. ఆ పిలుపు వెంటే చినుకు తేలుతూ వచ్చేది. ఏటా ఎండలు ముదిరేలోపు చెల్లిని సముద్రం దగ్గర్నుంచి పడమటి కొండల్లోకి చేర్చడం వాడి పని. అక్కడ చల్లగా ఉంటుంది. దారిలో ఎక్కడైనా నడినెత్తి ఎండకు చిక్కిందా, పిల్ల ఇక దక్కదు.

ఒక ఏడు అలా పోతుంటే దారిలో గవరయ్య కళ్ళం తగిలింది. ఎడ్ల చేత తొక్కించిన ధాన్యం పొట్టుతో కలిసి కుప్పగా పడి ఉంది. తూర్పారబట్టాలంటే గాలి కావాలి. ఆకు కూడా కదలడం లేదు. గవరయ్య చేట పట్టుకుని దిగాలుగా నిలబడ్డాడు.

తెమ్మెరయ్యకు జాలేసింది. కానీ కళ్ళంలో కుప్ప ఉండగా మబ్బు కనబడితే రైతు గుండె జారిపోతుందని వాడికి తెలుసు. అందుకని చెల్లిని దూరంగా నల్లబండ వెనక నీడలో దాచాడు.

"ఇక్కడే ఉండు బంగారం. నేను పిలిచేదాకా కదలకు" అన్నాడు.

"మర్చిపోవు కదా అన్నా?" అంది చినుకు.

"నిన్ను మర్చిపోతానా? బండ నీడ ఉండగానే వచ్చేస్తాను."

కళ్ళంలోకి వచ్చి వీచాడు. గవరయ్య ముక్కాలిపీట ఎక్కి చేటతో ధాన్యం జారవిడిచాడు. గింజలు కాళ్ళ దగ్గర పడ్డాయి, పొట్టు ఎగిరి అవతల పడింది. గవరయ్య పెళ్ళాం సన్నెమ్మ ముంతతో అంబలి తెచ్చి పోసింది. తాగి, బండి కింద కాసేపు నడుం వాల్చాడు తెమ్మెరయ్య. పాపం, అలసిపోయాడు.

గవరయ్య కుప్ప వైపు చూశాడు. ఇంకా సగం ఉంది. వీడు లేచి వెళ్ళిపోతే మళ్ళీ గాలి ఎప్పుడొస్తుందో. ఇంట్లో పిల్లల ఏడాది తిండి ఆ కుప్పలోనే ఉంది. భయం మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది కదా. ఎడ్లను కట్టే తాడు తీసి, వాడి పిలకకు ముడేసి, కళ్ళం మధ్యలో గుంజకు కట్టేశాడు.

తెమ్మెరయ్య లేచి అడుగేశాడు. తాడు బిగిసింది.

"ఇదేంటి మావా?"

"ఏం లేదురా. కుప్ప అయిపోగానే విప్పేస్తాను."

"నా చెల్లి బండ వెనక ఉంది మావా. పొద్దెక్కుతోంది. ఒక్కసారి పిలవనీ, ఇక కదలొచ్చని తెలుసుకుని తన దారిన తను పోతుంది."

"పిలిస్తే ఇక్కడికే వస్తుంది. నా కుప్ప మీద కురుస్తుంది" అన్నాడు గవరయ్య. అని ఏం చేశాడో తెలుసా? ధాన్యం తినకుండా ఎద్దు మూతికి కడతారే, తాడుతో అల్లిన చిక్కం, అది తెచ్చి తెమ్మెరయ్య మూతికి కట్టాడు. చిక్కంలోంచి ఊపిరి వస్తుంది, పిలుపు రాదు.

సన్నెమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏవయ్యా, బుద్ధుందా? అంబలి పోసిన చేతులతో కట్టేస్తామా? తప్పు, విప్పు."

"నువ్వూరుకో. పస్తులుంటే ఎవడు పెడతాడు?" అన్నాడు గవరయ్య, చేట ఎత్తుతూ.

తెమ్మెరయ్య బండ వైపు చూశాడు. నీడ చాపంత ఉంది. చిక్కం పీకబోయాడు, ఊడలేదు. తాడు లాగాడు, రాలేదు. పక్కకు లాగాడు. అలా లాగుతూ, గానుగెద్దులా గుంజ చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. తిరిగిన కొద్దీ పిలక మెలిపడింది. తిరిగిన కొద్దీ చిక్కం ముళ్ళు బిగుసుకున్నాయి. నీడ చేటంత అయింది.

పైనున్న సూరీడికేసి చేతులు జోడించాడు.

"ఆగడం నా చేతిలో లేదురా అబ్బాయీ" అన్నాడు సూరీడు. నిజంగానే బాధపడ్డాడు, కానీ ఆగలేదు.

నీడ గుప్పెడంత అయింది. తెమ్మెరయ్య ఇంకా జోరుగా తిరిగాడు. చెప్పులు లేచాయి, చేటలు లేచాయి, గవరయ్య పీట మీంచి పడ్డాడు. గుంజ పెళ్ళగిలి వచ్చింది. తెమ్మెరయ్య నల్లబండ దగ్గరికి ఉరికాడు.

అక్కడ అరచెయ్యంత తడి ఉంది. చూస్తుండగానే అదీ ఆరిపోయింది.

"కిందికి జారమ్మా, లోయలో నీడుంది అని చెప్పాను" అంది నల్లబండ. "అన్న కదలొద్దన్నాడు, పిలిచేదాకా కదలను అంది. నీ పిలుపు కోసం చెవులు రిక్కించుకునే ఉందిరా."

తెమ్మెరయ్యకు ఏడవడానికి నోరు లేదు. ఆ ఏడుపంతా లోపలే సుళ్ళు తిరిగింది. ఒళ్ళు దుమ్మైపోయింది, కళ్ళు ఎర్రబడ్డాయి. వెన్నలాంటి పిల్లాడు భూతమైపోయాడు.

ఇక చూడండి. గవరయ్య కుప్ప గింజ మిగలకుండా ఆకాశానికి లేచింది. ఊళ్ళో కప్పులు లేచాయి. తల్లులు పిల్లల్ని ఇళ్ళలోకి లాగి తలుపులు వేసుకున్నారు. గవరయ్య బండి కింద దూరి ముఖం దాచుకున్నాడు. భూతం ఆ బండిని కూడా ఎత్తబోయింది.

సన్నెమ్మ ఒక్కతే ఎదురెళ్ళింది. కొంగు నడుముకు చుట్టి, ఆ దుమ్ములోకి చెయ్యి పెట్టి చిక్కం ముడి వెతికింది. గోళ్ళు విరిగాయి గానీ ముడి రాలేదు.

"నావల్ల కావడం లేదు నాయనా" అని ఏడ్చింది. "మా ఆయన చేసింది పాపమే. కానీ ఒక్క మాట విను. ఆరబెట్టిన చీరలో తడి ఎక్కడికి పోతుందిరా? పైకే కదా. నీ చెల్లీ పైకే పోయింది. పైన వెతుక్కో."

భూతం తల పైకెత్తింది. ఆకాశం ఖాళీగా, నీలంగా ఉంది. తాడులా మెలిపడిన పిలక నేల మీద ఈడ్చుకుంటూ, దుమ్ముతో తనే నిచ్చెనై, చూడటానికి పైకి లేచింది.

అంతలో ఎక్కడినుంచో పిల్ల మబ్బొకటి వచ్చింది. దాని నీడ కళ్ళం మీద పడింది.

చేతుల్లో ఉన్నదంతా వదిలేసింది భూతం. ఆకులు, గడ్డి, గవరయ్య చెప్పులు టపటపా రాలాయి. ఆ నీడలో చిన్నపిల్లాడిలా ఒదిగి పడుకుంది. మబ్బు చినుకేనో కాదో ఎవరికి తెలుసు? పిలిచి అడుగుదామంటే మూతికి చిక్కం. మబ్బు దాని దారిన అది పోయింది.

అప్పటినుంచే, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, మబ్బు తునక లేని రోజు చూసి సుడిగాలి లేస్తుంది. గుంజ చుట్టూ తిరిగినట్టే తిరుగుతుంది. ఎంత తిరిగినా బుస్సుమనడమే, గొంతెత్తి పిలవలేదు. ఎక్కడైనా చిన్న మబ్బు నీడ పడిందంటే మాత్రం చేతిలోవన్నీ వదిలేసి, చప్పుడు లేకుండా పడుకుంటుంది.