నూకాలు గూటి వాకిలి

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన ఈతచెట్లు గుంపుగా ఉండేవి. అక్కడ ఒక గిజిగాడు కాపురముండేవాడు. గూళ్లు అల్లడంలో చేయి తిరిగినవాడు. చుట్టుపక్కల పిట్టలన్నిటికీ అతనే గూళ్లు అల్లిపెట్టేవాడు, చినిగితే బాగుచేసేవాడు.

నూకాలు అనే పిచ్చుక గూడు కూడా అతను అల్లిందే. దాని వాకిలి పక్కకు ఉండేది. నూకాలుకు ఒక రెక్క సరిగా ఆడదు. అందుకని కొమ్మ మీద వాలి, గెంతుకుంటూ లోపలికి వెళ్లేది.

ఒకరోజు మేతకు వెళ్లి వచ్చేసరికి ఆ వాకిలి మూసేసి ఉంది. గూటి అడుగున కొత్త వాకిలి కనిపించింది. కింది నుంచి నిటారుగా ఎగిరితే తప్ప లోపలికి పోలేరు.

"ఇదేంటి బాబాయ్?" అని అడిగింది.

"పాములు తిరుగుతున్నాయమ్మా. అందరి గూళ్లకీ ఇలాగే మార్చాను. నాలుగు రోజులైతే నీకే అలవాటవుతుంది" అన్నాడు గిజిగాడు.

నూకాలు ముక్కుతో గడ్డి పీకి పాత వాకిలి తెరుచుకుంది. బాగుచేయడానికి వచ్చినప్పుడు గిజిగాడు దాన్ని మళ్లీ మూసేశాడు. మళ్లీ తెరిచింది. మళ్లీ మూశాడు.

"ఉండేది నేను కదా బాబాయ్, నన్నొక మాట అడగొచ్చుగా" అంది.

"నీ మంచికేనమ్మా" అని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు నూకాలు గుడ్లు పొదిగింది, పిల్లలు పుట్టాయి. ఒక మధ్యాహ్నం అది పురుగు తెచ్చేసరికి పక్క వాకిలి ఈసారి రెండు వరసల గడ్డితో బిగించి ఉంది. ఎంత పీకినా ఊడలేదు. వాన మొదలైంది. లోపల పిల్లలు ఆకలికి ఏడుస్తున్నాయి. నూకాలు కింది నుంచి ఎగిరింది, బురదలో పడింది. లేచి ఎగిరింది, మళ్లీ పడింది.

అటుగా వచ్చిన గిజిగాడు ఆగి చూశాడు. నూకాలు పురుగును ఆకు మీద పెట్టి, మెల్లగా అంది: "బాబాయ్, పాము రాలేదు. నేనూ వెళ్లలేకపోతున్నాను."

గిజిగాడు వెంటనే పక్క వాకిలి దగ్గరికి ఎగిరాడు. వానలో తడుస్తూనే తాను వేసిన ముళ్లన్నీ విప్పాడు. పిల్లలు తిని నిద్రపోయాక, కొమ్మ చివర కూర్చుని మొదటిసారి అడిగాడు: "మరి పాముకేం చేద్దామమ్మా?"

"వాకిలి పక్కకే ఉంచి, దానికొక గడ్డి మూత అల్లిపెట్టు. బయటికెళ్లేటప్పుడు నేనే మూసుకుంటాను."

అతను అలాగే చేశాడు. మర్నాడు మిగతా గూళ్లకూ వెళ్లి, "మీకెలా కావాలి?" అని అడిగాడు. చాలా పిట్టలు అడుగు వాకిలే బాగుందన్నాయి. వాటికి అలాగే ఉంచాడు. వద్దన్నవాటికి మార్చి ఇచ్చాడు. ఆ తర్వాత ఏ గూటి మీద చేయి వేయాలన్నా, ముందు బయట ఆగి పిలిచేవాడు.

నీతి: ఎదుటివారి మంచి కోరి చేసే పనైనా, వారినొక మాట అడిగి చేయాలి.