మెమోల మూటలో ఒక లైను

విశాలాక్షి గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ సమాధానం చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మెట్టపంటల పరిశోధన కేంద్రంలో ముద్రణ విభాగం ఆవిడ చేతిలో ఉండేది. ఆ రోజుల్లో కంప్యూటరంటే చల్లటి గదిలో నిలబెట్టిన బీరువాలు, బయట వరసగా పెట్టిన నల్లటి తెరలు. ఆ తెరల ముందు కూర్చుని కేంద్రం పంపే మెమోలను అచ్చుకి సిద్ధం చెయ్యడం నేర్చుకోవడానికి కొత్తవాళ్ళు వచ్చేవారు. ప్రశ్నతో వచ్చి పనితో వెళ్ళేవారు. కొందరికి ఆ పనిలోనే జవాబు దొరికేది, మిగతావాళ్ళకి కనీసం పని వచ్చేది.

కోదండం అలా వచ్చినవాడే, ఇంకా పర్మనెంటు కాలేదు. అంతకుముందు తెనాలిలో మేనమామ ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి కూర్చాడు. లైనుకీ లైనుకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో చూపుతోనే కొలవగలడు. అలాంటివాడికి ఇక్కడికి రాగానే చిరాకు పుట్టించినది మాక్రోల ప్యాకేజీ, అంటే పొట్టి గుర్తుల వెనక ముందే రాసిపెట్టిన అచ్చు ఆదేశాల కట్ట. విశాలాక్షి గారు దాన్ని మూట అనేవారు. రాసేవాడు చుక్క పెట్టి రెండక్షరాలు కొడితే ఇది ఎవరికి పంపే మెమో అన్నది, మరో రెండు కొడితే ఇది విషయం అన్నది, ఇంకో రెండు కొడితే ఇక్కణ్ణుంచి జాబితా అన్నది యంత్రానికి తెలుస్తుంది. ఎంత జరపాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అనేది మూట చూసుకుంటుంది. కేంద్రంలో శాస్త్రవేత్తలందరూ అలాగే రాసేవారు. ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అన్నట్టు కోదండం మాత్రం ప్రతి లైనుకీ తనే కొలత చెప్పి, తనే జరిపి, తనే చూసుకుని మురిసిపోయేవాడు.

ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

"అంతా ఆ మూటే చేసేస్తుంటే ఇందులో నా చెయ్యేది మేడమ్?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "విత్తనాల గోదాముకి చిన్న మెమో పంపాలి నాయనా. నువ్వు చెయ్యి. మూటతోనే చెయ్యి."

కోదండం చేశాడు. అచ్చు వేసి చూస్తే విషయం అన్న లైను కాస్త కిందికి దిగినట్టు అనిపించింది. ఆ కంటికి అది పంటి కింద రాయి. వెతగ్గా వెతగ్గా తెలిసిందేమిటంటే, మూట కూడా తెర మీద తెరిచి చదువుకోగల మామూలు రాతేనట. విప్పాడు. విషయం లైనును ఒక పిసరు పైకి జరిపాడు. అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. ఇంకా కిందికి చదివితే జాబితా ముగిసేచోట ఒక లైను కనిపించింది: జాబితా కోసం అంచును ఎక్కడినుంచి కుడికి జరిపారో మళ్ళీ అక్కడికే తీసుకురమ్మని. తన మెమోలో జాబితా లేదు, అంచు ఎక్కడికీ పోలేదు. పోనిదాన్ని తీసుకురావడం ఏమిటి, అనవసరం అనుకుని ఆ లైను కొట్టేశాడు. మళ్ళీ అచ్చు వేస్తే మెమో ముత్యంలా వచ్చింది. మూటలోనూ తన చెయ్యి పడిందని లోపల్లోపల పొంగిపోయాడు.

మధ్యాహ్నం జీపు ఉపకేంద్రాలకి బయల్దేరాలి. మృగశిర వచ్చేసింది, నేడో రేపో వాన పడేలా ఉంది. ఏ విత్తనం, ఎంత లోతున, ఏ మందు పట్టించి వెయ్యాలో చెప్పే మెమోలు ఆ జీపులోనే వెళ్ళాలి. శాస్త్రవేత్తలు ఎవరి పంటకి వాళ్ళు రాసి ఉంచారు. వాటిని అచ్చు వేసి పంపే బాధ్యత ఆ రోజు కోదండానిది. ఆవిడ మొదటిసారి పూర్తిగా అతనికి వదిలిన పని అది.

వేరుశనగ మెమో బయటికి వచ్చింది. పైభాగం బాగానే ఉంది. విత్తనాల జాబితా అయ్యాక వచ్చిన పేరా మాత్రం కాగితం మధ్యలో మొదలైంది. ఎరువుల జాబితా అయ్యాక వచ్చిన పేరా ఇంకా కుడికి పోయింది. చివరి పేరా అంచును పట్టుకుని వేలాడుతోంది. విత్తనశుద్ధి చెయ్యకుండా వెయ్యవద్దన్న ముఖ్యమైన మాట సగం కాగితం మీద ఉంది, సగం గాల్లో కలిసింది. కంది మెమో తీశాడు, అదీ అంతే. జొన్న మెమో ఇంకా అన్యాయం.

ఇంత చదువుకున్నవాళ్ళకి ఒక మెమో రాయడం రాదే అని విసుక్కుంటూ కోదండం నడుం బిగించాడు. తెనాలి పద్ధతిలో వేరుశనగ మెమోలోకి దిగి, జాబితా అయిన ప్రతిచోటా ఇంత ఎడమకి జరుగు, ఇంత ఎడమకి జరుగు అని కొలిచి కొలిచి పెట్టాడు. మెమో సరిపడింది. గడియారం చూశాడు. ఒక్కదానికే గంట పట్టింది, పక్కన ఇంకా కట్టెడు మెమోలున్నాయి. ఇవాళ జీపు ఖాళీగా వెళితే రేపు తను ఈ కుర్చీలో ఉండడు. అది ఎవరూ చెప్పక్కర్లేదు.

జీపు డ్రైవరు యాదగిరి తలుపు దగ్గర నిలబడి ఆకాశం వైపు చూపించాడు. "మొగులు పట్టింది సారూ. కాయితాలిస్తే పోతా."

విశాలాక్షి గారు లేచి వచ్చారు. బల్ల మీదున్న కాగితాలు ఒక్కొక్కటే తిరగేశారు. వేరుశనగ, కంది, జొన్న, ఆముదం.

"ఇంతమందీ కూడబలుక్కుని ఒక్కచోటే తప్పు చేశారంటావా?"

కోదండానికి చెవులు వేడెక్కాయి. పొద్దున తను కొట్టేసిన లైను కళ్ళ ముందు నిలబడింది. ప్రతి మెమో అచ్చుకి వెళ్ళేముందు ఆ మూటనే విప్పుకుంటుందని అతనికి తెలియక కాదు. అయినా పొద్దున దాన్ని తన మెమో కోసం తను సర్దుకున్న అర అనుకున్నాడు, అందరూ వాడుకునే అటక అనుకోలేదు. తాను చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటే ఇదే. అబద్ధమాడే దారి ఒకటి కనపడింది గానీ, ఆవిడ ముఖం చూశాక ఆ దారిన పోబుద్ధి కాలేదు.

"మూటలో ఒక లైను కొట్టేశాను మేడమ్. జాబితా ముగిసేచోట."

"ఆ లైను గుర్తుందా?"

"ఉందండీ."

"మరింకేం, పెట్టెయ్యి."

అంతే. తిట్టలేదు. కోదండం ఆ ఒక్క లైను మళ్ళీ కొట్టి, మెమోలన్నీ అచ్చుకి వదిలాడు. కంది వచ్చింది, నిటారుగా. జొన్న వచ్చింది. ఆముదం వచ్చింది. ఒక్కొక్క కాగితం బయటికి వస్తుంటే అతని గుండె మీంచి ఒక్కొక్క బస్తా దింపినట్టయింది. ఏ మెమోనీ ఎవరూ ముట్టుకోలేదు, అన్నీ వాటంతటవే వరసకి వచ్చాయి.

ఆఖరున వేరుశనగ వచ్చింది. అది మాత్రం ఈసారి ఎడమకి పరిగెత్తింది. మొదటి అక్షరాలన్నీ కాగితం అంచు దాటి పోయాయి. గంటసేపు చెమటోడ్చి దిద్దింది అదొక్కటే; మూట అంచును వెనక్కి తెచ్చాక, ఆ దిద్దుబాటు దాన్ని ఇంకా ఎడమకి లాగేసింది. కోదండం ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వేశాడు. తను పెట్టిన జరుగుళ్ళన్నీ తనే ఏరి పారేశాడు. వేరుశనగ కూడా బుద్ధిగా వచ్చి నిలబడింది. యాదగిరి కాగితాలు సంచిలో పెట్టుకుని, తొలి చినుకు పడకముందే జీపు తీశాడు.

జీపు చప్పుడు దూరమయ్యాక విశాలాక్షి గారు మిగిలిన ప్రతిని వెలుతురులో పట్టుకుని చూశారు. "విషయం పిసరంత పైకొచ్చిందే. ఇదీ నువ్వేనా?"

"అవునండీ. తీసేస్తాను."

"వద్దు, బాగుంది. ఉండనీ." తెర మీద మూట విప్పి, అతను తిరిగి పెట్టిన లైను మీద వేలు ఆనించారు. "ఇది ఎందుకుందో దీని పక్కన నాలుగు ముక్కలు రాయి. యంత్రం వాటిని అచ్చు వెయ్యదులే. నీ తర్వాత వచ్చేవాడు చదువుకుంటాడు."

కోదండం కూర్చుని, మాటలు వెతుక్కుంటూ రాశాడు. రాయడం అయ్యాక తలెత్తి చూశాడు. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

"నా చెయ్యేదని అడిగావు కదూ. పొద్దున లైను కొట్టేసినప్పుడు అది ప్రతి మెమోలోనూ కనపడింది. ఇప్పుడూ ప్రతి మెమోలోనూ ఉంది, ఎవరికీ కనపడదు."