దీపం మీద బొట్టుబిళ్ళ

భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేసే రంగరాజుకి తన వస్తువులో లోపం ఉందని ఒప్పుకోవడం చేతనయ్యేది కాదు. అతని ఇంటి గచ్చు పగిలితే అది డిజైను. అతని చేతిగడియారం వెనకబడితే ఊళ్ళో గడియారాలన్నీ తొందరపడుతున్నట్టు. అలాంటి మనిషి వాల్‌స్టెన్ కారు కొన్నాడు.

వాల్‌స్టెన్ మామూలు కారు కాదు. దాని ముక్కు మీద వెండి గద్ద బొమ్మ ఉండేది. తలుపు వేస్తే ఆ చప్పుడు కూడా ఖరీదుగా వినిపించేది. పెళ్ళిళ్ళకు వెళితే జనం దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకునేవారు.

అతని చిన్ననాటి స్నేహితుడు సూరిబాబుకి హోరుకా కారు ఉండేది. హోరుకా కూడా పెద్ద కంపెనీదే. ధరలోనూ పెద్ద తేడా లేదు. కానీ దాని పక్కన ఎవరూ ఫొటో తీసుకునేవారు కాదు. పదకొండేళ్ళలో అది ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. ఆగని కారు గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది? సూరిబాబు ఏమీ చెప్పుకునేవాడు కాదు.

రోజూ సాయంత్రం ఇద్దరూ ఉండి ఊరికి వెళ్ళే రోడ్డు మీద టీ కొట్టు దగ్గర కలిసేవారు.

"ఏరా సూరీ, ఆ బియ్యం డబ్బాని ఇంకా ఎన్నాళ్ళు తిప్పుతావు?" అనేవాడు రంగరాజు.

"డబ్బానే. కానీ తాళం తిప్పగానే పలుకుతుంది," అన్నాడు ఒకరోజు సూరిబాబు. "నీ గద్ద ఏదిరా? నాలుగు రోజులుగా కనపడ్డం లేదు, గుడ్లు పెడుతోందా?"

"మా పెద్దబావ కూతురి పెళ్ళికి పంపాను. పెళ్ళికొడుకు ఆ కారే కావాలన్నాడట."

నిజానికి గద్ద విజయవాడలో షెడ్డులో ఉంది. మధ్యాహ్నం ఊరంతా భోజనాలు చేసి కునుకు తీసే వేళ చూసి, లారీ ఎక్కించి, పైన టార్పాలిన్ కప్పించి మరీ పంపించాడు రంగరాజు. రెండేళ్ళలో అది మూడోసారి. కారు బాగానే నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి నీరసించిపోయేది. అంతకుముందు మీటర్ల మధ్య పసుపు దీపం ఒకటి వెలిగేది.

"ఈ మోడల్‌కి ఉన్న జబ్బే ఇది సార్," అన్నాడు విజయవాడ మెకానిక్. "బాగుచేస్తాం, మళ్ళీ వస్తుంది. దీపం వెలిగితే మాత్రం దూరాలు పోకండి."

రంగరాజు దూరాలు పోలేదు. ఎలాగూ ఊళ్ళోనే తిరిగేవాడు. కానీ పక్కన కూర్చున్నవాళ్ళకి ఆ దీపం కనపడితే? అందుకని భార్య సత్యవతి బొట్టుబిళ్ళ ఒకటి తెచ్చి దాని మీద అంటించాడు. ఎండకి బిళ్ళ ఊడిపోతే ఇంకొకటి అంటించేవాడు.

"నెలకో అట్ట కొంటున్నానండీ," అంది సత్యవతి. "సగం నా నుదుటికి, సగం మీ కారుకి. దానికి బాగోలేదని చెబితే ఏం పోతుంది?"

"పెద్ద కంపెనీ కారే అది. దానికేం, బాగానే ఉంది," అన్నాడు రంగరాజు.

ఆ మాట ఎవరికీ హాని చేయనంత కాలం అది వేళాకోళంగానే ఉండిపోయింది.

సూరిబాబు భార్య భారతికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. దాతల కిడ్నీ కోసం విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో పేరు రాయించుకున్నారు. "కిడ్నీ దొరికిన రోజు ఫోన్ చేస్తాం. ఆరు గంటల్లో ఇక్కడ ఉండాలి. మీరు రాలేకపోతే జాబితాలో తర్వాతివాళ్ళకి పెట్టేస్తాం," అని ఆసుపత్రివాళ్ళు ముందే చెప్పారు. భీమవరం నుంచి విశాఖకి అయిదు గంటల పైమాటే. ఆ ఫోన్ ఏ రోజు వస్తుందో తెలియదు. వచ్చిన రోజు కారు కదలాలి.

హోరుకా కదులుతుంది. అందులో అనుమానం లేదు. కానీ పాతబడి కుదుపు ఎక్కువైంది. డయాలసిస్ చేయించుకుని వచ్చేటప్పుడు ప్రతి గుంటకీ భారతి పళ్ళు బిగపట్టి కూర్చునేది. ఒకరోజు రంగరాజు తన కారులో ఆమెను ఇంటి దగ్గర దించాడు.

"ఉయ్యాల్లో వచ్చినట్టుందండీ అన్నయ్య గారూ," అంది భారతి.

మర్నాడు సూరిబాబు టీ కొట్టు వరకూ ఆగలేదు. పొద్దున్నే రంగరాజు ఇంటికి వచ్చాడు.

"వేళాకోళాలు కాసేపు పక్కన పెట్టరా," అన్నాడు. "హోరుకా ఇచ్చేసి నీ కారులాంటిదే తీసుకుందామని చూస్తున్నాను. షోరూం వాడు వాడి సరుకుని వాడు పొగుడుకుంటాడు. పేపర్లో ఒకడు ఇది గొప్పంటాడు, ఇంకొకడు అది గొప్పంటాడు. నువ్వు రెండేళ్ళు నడిపావు. నువ్వు ఏది చెబితే అది. ఎప్పుడైనా దారిలో ఆగిందా?"

వంటింటి గుమ్మంలో సత్యవతి నిలబడి ఉంది. రంగరాజు అటు చూడలేదు.

"ఒక్కసారి కూడా లేదు," అన్నాడు.

సూరిబాబు కాఫీ తాగి, తేలికపడ్డ మొహంతో వెళ్ళిపోయాడు.

"ఆయన ఎందుకు అడిగారో తెలిసి కూడా అలా చెప్పారా?" అంది సత్యవతి.

"అన్ని కార్లూ ఒక్కలా ఉండవు. వాడిది బాగానే ఉంటుందిలే," అన్నాడు రంగరాజు. ఆ మాటని అతను నమ్మాడు కూడా. నమ్మితే అప్పటికి హాయిగా ఉంది.

సూరిబాబు వాల్‌స్టెన్ కొన్నాడు. ఎనిమిది నెలలు అది చక్కగా నడిచింది. రంగరాజు తన అబద్ధాన్ని మరిచిపోయాడు.

ఎండాకాలం మొదట్లో ఒక ఉదయం ఆరున్నరకి విశాఖ నుంచి ఫోన్ వచ్చింది. కిడ్నీ దొరికింది. పన్నెండున్నరలోపు రావాలి. పావుగంటలో సూరిబాబు, భారతి బయల్దేరారు. వాకిట్లో నిలబడి రంగరాజు, సత్యవతి చెయ్యి ఊపారు. సత్యవతి కళ్ళు తుడుచుకుంది.

ముప్పావుగంట తర్వాత రంగరాజు ఫోన్ మోగింది. అవతల సూరిబాబు.

"తణుకు దగ్గర ఉన్నాంరా. మీటర్ల మధ్య ఏదో పసుపు దీపం వెలుగుతోంది. నీ దాంట్లో ఎప్పుడైనా వెలిగిందా?"

రంగరాజు ఫోన్ పట్టుకుని వాకిట్లోకి నడిచాడు.

"మా బావమరిది ఇల్లు ఈ పక్క వీధిలోనే," అంటున్నాడు సూరిబాబు. "వాడిది చిన్న కారు, కుదిపేస్తుంది. అయినా సరే, అందులోకి మారిపొమ్మంటావా? నువ్వు మారమంటే మారిపోతాను."

మారిపో అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ ఆ వెంటనే "ఎందుకురా?" అని వాడు అడుగుతాడు. అప్పుడు లారీ, టార్పాలిన్, పెద్దబావ కూతురి పెళ్ళి, అన్నీ బయటికి వస్తాయి. తనే ఒక్కసారి కూడా ఆగలేదని చెప్పిన మాట కూడా వస్తుంది.

"ఏం అక్కర్లేదు," అన్నాడు రంగరాజు. "వెళ్ళిపో."

అన్నవరం దాటాక కారు నీరసించింది. తర్వాత ఆగిపోయింది. సూరిబాబు ఆపి, మళ్ళీ తాళం తిప్పి, మళ్ళీ ఆపి అరగంట పోగొట్టుకున్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే బండిని మోసుకుపోయే లారీ రెండు గంటల్లో వస్తుందన్నారు. చివరికి తుని నుంచి అద్దె కారు ఒకటి వచ్చింది. వాళ్ళు ఆసుపత్రి మెట్లు ఎక్కేసరికి ఒంటిగంటా ఇరవై. జాబితాలో తర్వాతి పేరు విజయనగరం ఆవిడది. అప్పటికే ఆమెను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళిపోయారు.

"ఎంతసేపని ఆగుతామండీ," అంది అక్కడి నర్సు. ఆమె కూడా బాధపడుతూనే అంది.

సూరిబాబు కారు విశాఖ షెడ్డులో ఉండిపోయింది. భారతి డయాలసిస్ మాత్రం ఆగదు కదా. "నేను తీసుకెళతాను," అన్నాడు రంగరాజు. అది తప్పించి తను చేయగలిగింది అతనికి ఇంకేమీ కనపడలేదు. సూరిబాబు అతని చెయ్యి పట్టుకుని, "నువ్వున్నావు కాబట్టి సరిపోయిందిరా," అన్నాడు. ఆ రాత్రి రంగరాజు అన్నం తినలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం డయాలసిస్ ముగించుకుని ముగ్గురూ బయటికి వచ్చారు. కారు రెండు గంటలుగా ఎండలోనే ఉంది. రంగరాజు తాళం తిప్పాడు. బొట్టుబిళ్ళ అంచు పైకి లేచింది. ఏసీ గాలి రావడం మొదలయ్యాక ఊడి అతని ఒళ్ళో పడింది. దాని వెనక పసుపు దీపం వెలుగుతోంది.

పక్క సీట్లో సూరిబాబు ఆ దీపాన్ని చూశాడు. ఆ దీపం అతనికి బాగా గుర్తు. తర్వాత ఆ బిళ్ళని చూశాడు.

"ఇది ఎప్పట్నుంచీ?"

"కొన్న కొత్తలోనే," అన్నాడు రంగరాజు.

"నేను మీ ఇంటికొచ్చి అడిగినప్పుడు?"

"ఉంది."

"తణుకు నుంచి ఫోన్ చేసినప్పుడు?"

రంగరాజు తల ఊపాడు.

సూరిబాబు కోప్పడలేదు. కారు దిగి, వెనక తలుపు తీసి, భారతిని జాగ్రత్తగా దించాడు. ఆమె చేతికి కట్టు ఉంది. అటుగా పోతున్న ఆటోని ఆపాడు. ఎక్కే ముందు భారతి వెనక్కి తిరిగింది.

"ఆ విజయనగరం ఆవిడకి ఇద్దరు చిన్నపిల్లలట అన్నయ్య గారూ. ఆవిడకి అందింది, ఆ సంగతికి నాకు బాధ లేదు," అంది. "మిమ్మల్ని అడిగి మరీ ముందుకి వెళ్ళాం చూడండి, అదొక్కటే."

ఆ కారులో కూర్చుంటే ఉయ్యాల్లో ఉన్నట్టుందన్న మనిషి కుదుపుల ఆటోలో వెళ్ళిపోయింది.

రంగరాజు తర్వాత నాలుగైదుసార్లు వాళ్ళింటికి వెళ్ళాడు. తప్పయిందన్నాడు. ఏడ్చాడు. సూరిబాబు కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, ఎండల గురించి, రొయ్యల తెగుళ్ళ గురించి మాట్లాడాడు. కానీ అతన్ని ఏ సలహా అడగలేదు. తన రొయ్యల చెరువులో మందు వేయాలన్నా, ఇంటికి రంగు వేయించాలన్నా వేరేవాళ్ళనే అడిగేవాడు. వెతికి వెతికి ఒక పాత హోరుకా కొనుక్కున్నాడు. భారతి నడుము వెనక దిండు పెట్టుకుని అందులో తిరిగేది. విశాఖ నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. వాళ్ళింట్లో ఫోన్ మోగితే చాలు, ఇద్దరూ ఒక్కసారే లేచేవారు.

రంగరాజు మళ్ళీ బొట్టుబిళ్ళ అంటించలేదు. కారు ఎక్కినవాళ్ళందరికీ ఆ దీపం కనపడేది. ఎవరు అడిగినా ఏ సంవత్సరం ఏది పాడైందో, ఎన్నిసార్లు లారీ ఎక్కిందో దాచకుండా చెప్పేవాడు. టీ కొట్టు దగ్గర చాలామంది అడిగారు. సూరిబాబు మాత్రం అడగలేదు.

తన వస్తువు గొప్ప నిలబెట్టుకోవడానికి ఆడిన అబద్ధం, తనని నమ్మి అడిగినవాళ్ళ మీద పడుతుంది. అందుకని పరువు పోయినా సరే, నమ్మి అడిగినవాళ్ళకి నిజమే చెప్పాలి, అదీ వాళ్ళు దారి మార్చుకోగలిగే లోపే చెప్పాలి.