ఓబులయ్య మీసాల దిష్టిబొమ్మ

అనగనగా, మీ తాత పుట్టకముందు, ఒక ఊరుండేది. ముప్పై ఇళ్ళు, మూడొందల కోళ్ళు. ఆ ఊళ్ళో ఓబులయ్య అని ఒక ముసలాయన. మొండి మనిషి, అచ్చం మీ తాతే అనుకోండి. రాజుగారికి కందులు పండించి ఇచ్చేది ఆయనే. ఆ రాజుకేమో పప్పు లేనిదే ముద్ద దిగదు. ఊ కొట్టండర్రా!

ఒక ఏడు చిలకలొచ్చి ఓబులయ్య జొన్నకంకులు తినిపోయాయి. అంతే, ఆయనకి పిట్టజాతి మొత్తం మీద కోపం వచ్చేసింది. మరుసటేడు కందిచేలో కూడా దిష్టిబొమ్మ పెట్టాడు. కుండ తల, మేకవెంట్రుకల మీసం, మెళ్ళో ఎద్దుగంటలు. గాలేస్తే గణగణ గణగణ! పిట్టలే కాదు, ఆయన పెళ్ళాం కూడా ఒకసారి చేట పారేసి పరిగెత్తింది.

కోడలు సుంకమ్మ గడుసుది. పురుగుల్ని ఏరుకుతినేది పిట్టలేగా మామా, ఆ బొమ్మ తీసెయ్యి అంది. నిన్నగాక మొన్న వచ్చి నాకే సేద్యం నేర్పుతావా అని ఆయన మీసం మెలేశాడు. తనదీ, బొమ్మదీ.

ఇంకేముంది? పిట్ట పోతే పురుగొచ్చె, పురుగొస్తే పూత పోయె, పూత పోతే కాయ పోయె, కాయ పోతే పప్పు పోయె, పప్పు పోతే రాజుగారికి ముద్ద దిగదాయె!

రాజుగారు చేలోకి వచ్చారు. మంత్రి పురుగుల మీద విషం చల్లిద్దామన్నాడు. రేపు ఆ పప్పు తమరి కంచంలోకేగా వచ్చేది అని సుంకమ్మ అడిగేసరికి రాజుగారు పొట్ట పట్టుకున్నారు. బాగా ఆలోచించి, రాజులు ఆలోచిస్తే ఇంతే, బొమ్మ కాపలా సరిగ్గా కాయలేదు, దాని చోట ఓబులయ్యే నిలబడాలి అన్నారు. కంది మళ్ళీ పూతకొచ్చింది, ఈసారీ కాయ దక్కకపోతే ఇంటిల్లిపాదీ ఊరొదిలి పోవాల్సిందే అన్నారు.

పాపం, ఓబులయ్య గుండె జారిపోయింది. పుట్టిపెరిగిన ఊరాయె! పొద్దున్నే చేతులు చాపి చేలో నిలబడ్డాడు. సుంకమ్మ పసుపన్నం కలుపుకొచ్చి ఆయన తలపాగా మీదొక ముద్ద, చేతుల మీద చెరొక ముద్ద పెట్టింది. ఇదేంటే అని ఆయన గింజుకుంటే, కదలకు మామా, రాజాజ్ఞ అంది. ఊ కొడుతున్నారా?

మొదట ఒక గోరింక వచ్చింది. అది చూసి ఇంకోటి. మధ్యాహ్నానికి తల మీద రెండు, భుజాల మీద నాలుగు, చేతుల నిండా లెక్కలేనన్ని! అన్నం అయిపోయింది, కింద పురుగులు కనబడ్డాయి. టపుక్కున దూకడం, పురుగును పట్టడం, మళ్ళీ ఓబులయ్య మీద కూర్చుని తినడం. ఒకటి ఆయన మీసాన్ని కూడా పురుగనుకుని పీకింది. నవ్వకండర్రా, పక్కింటివాళ్ళు లేస్తారు!

మూడోనాటికి ఆయనే, ఆ కొమ్మ మీద ఇంకోటుంది చూడు తల్లీ అని గోరింకకి చెప్పడం మొదలెట్టాడు.

పిట్టొస్తే పురుగు పోయె, పురుగు పోతే పూత నిలిచె, పూత నిలిస్తే కాయ కాసె, కాయ కాస్తే పప్పు వచ్చె. రాజుగారు మూడు కంచాలు ఖాళీ చేసి, ఇక చేతులు దించవయ్యా అని చేలోకి వచ్చి చెప్పారు. ఉష్, ఉండండి స్వామీ, ఒకటి భుజం మీద నిద్రపోతోంది అన్నాడట ఓబులయ్య!

ఆ తర్వాత ఆయన బొమ్మకి తలా గంటలూ పీకేసి, పిట్టలు వాలడానికి ఉత్త అడ్డకర్ర ఉంచాడు. కోడలు చెప్పకముందే.

చిలకలు తిన్నాయని పిట్టలన్నిటినీ తరిమేస్తే, పురుక్కి మనమే పీటేసి వడ్డించినట్టు. కథేమో కంచికి బయల్దేరింది, మనమేమో దుప్పట్లోకి. ఏరీ, ఊ కొట్టేవాళ్ళేరీ?